ప్రవేశిక రాయితో కొండాపూర్ దాకా

ఊళ్లు చూసి రావడానికి వెళ్లేవాళ్లు బట్టలు సర్దుకుంటారు. నేను ఆరడుగుల నల్లరాయిని సర్దుకుని వెళ్లాను. ఆ రాయే లేకపోతే పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు జన్మలో వెళ్లేవాణ్ణి కాను. అక్కడ ఫ్యాక్టరీ గొట్టాలు తప్ప చూడ్డానికేముంది అనేవాణ్ణి. వెళ్లొచ్చాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మిన సరుకు వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు గానీ, మాటకు ఖర్చేమీ లేదు కాబట్టి పరవాలేదు.

ఒంగోలులో బేరం

మాది ఒంగోలు. నాన్నది పచారీ కొట్టు, మేనమామది బట్టల కొట్టు. ఎవరేం చెప్పినా అందులో సగం తగ్గించి వినడం నాకు ఉగ్గుపాలతోనే అలవాటైంది. నేను శిలాఫలకాలు చెక్కే దుకాణం పెట్టుకున్నాను. చీమకుర్తి రాయి పక్కనే దొరుకుతుంది. నాయకుల పేర్లూ గుడి దాతల పేర్లూ చెక్కి బతుకుతున్నాను. దాత ఇచ్చిన చందాను బట్టి పేరు సైజు పెంచడమే ఇందులో కిటుకు.

మా అక్క మొగుడు భానూర్‌లో స్థిరపడి ముప్పై ఏళ్లు దాటింది. అక్కడి రక్షణ కర్మాగారంలో ఉద్యోగం. ఆయన స్నేహితుడు నర్సింలుది కొండాపూర్ మండలంలో ఒక పల్లె. కొంచెం పొలం చూసుకుంటూ, పటాన్‌చెరులో ఏదో ఫ్యాక్టరీకి షిఫ్టుకు వెళ్తాడు. నర్సింలు భార్య సువర్ణ మొన్నటి ఎన్నికల్లో సర్పంచిగా గెలిచింది. పంచాయతీ ఆఫీసు ముందు రాజ్యాంగ ప్రవేశికను రాతి మీద చెక్కించి, జనవరి ఇరవై ఆరున నిలబెట్టాలని ఆవిడ కోరిక. బావ నా పేరు చెప్పాడు. (ఊరి పేరు రాయొద్దని సర్పంచి షరతు పెట్టింది. ఊరి నవ్వు ఊళ్లోనే ఉండాలట.)

ఫోన్లో ధర చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. అది మా నాన్న వాడే ఎత్తు కాబట్టి నేనూ నోరు మెదపలేదు.

"అన్నా, గా ధర రాయిదా, అచ్చరాలదా?"

"రెండిటిదీ కలిపి, అమ్మా."

"అచ్చరాలు సర్కారువే గదనే. గవ్విటికి నీకు పైసలెందుకు?"

ముప్పై ఏళ్లుగా అక్షరానికింత అని అమ్ముకుంటున్నవాడికి ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ఆలోచించుకునేలోపే రాయి ధరకు ఒప్పేసుకున్నాను. అక్షరాలకు డబ్బు రాలేదు గనక అక్షరాల మీద నేనూ ఖర్చు పెట్టలేదు. నాన్న పొట్లాలు కట్టడానికి పాత పుస్తకాలు కిలోల లెక్కన కొనేవాడు. అందులో చిరగకుండా మిగిలిన ఒక పౌరశాస్త్రం పుస్తకం ఇంట్లో ఉంది, మొదటి పేజీలోనే ప్రవేశిక. దాన్ని చూసి చెక్కి, బంగారు రంగు నింపి, ఫొటో తీసి బావకు పంపాను. బావ వెంటనే బొటనవేలి బొమ్మ పంపాడు. ఇద్దరం మా బాధ్యత తీర్చేసుకున్నాం.

తెల్లాపూర్

రాయిని గడ్డి పరుపుల మధ్య కట్టి, వ్యాన్లో డ్రైవరు పక్కన కూర్చుని బయల్దేరాను. మర్నాడు పొద్దున రింగు రోడ్డు దిగగానే తెల్లాపూర్. అక్కడ ఒక గేటెడ్ కాలనీకి చిన్న పేరు పలక ఇవ్వాలి, బావే చూపించిన బేరం. మా ఊళ్లో తలెత్తితే కొబ్బరాకు కనిపిస్తుంది. ఇక్కడ తలెత్తితే ఇరవయ్యో అంతస్తులో ఎవరివో చొక్కాలు ఆరుతున్నాయి.

గేటు దగ్గర ఒడిశా కుర్రాడు ఆపి, "పత్థర్ కా పాస్ దిఖావో," అన్నాడు. రాయికి పాసేమిటి నాయనా అని నాకొచ్చిన హిందీలో వాదిస్తుంటే, కాలనీ సంఘం కార్యదర్శి వచ్చి విడిపించాడు. మనిషి అలిసిపోయి ఉన్నాడు. కూరగాయల బండిని లోపలికి రానివ్వాలా వద్దా అని వాళ్ల నియమావళికి ఒక సవరణ పెట్టారట. మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. ఏడాది నుంచీ చాలడం లేదు.

"అయితే వంకాయలు ఎక్కడ కొంటారండీ?" అన్నాను.

"ఫోన్లో. ధర వాళ్లే వేసేస్తారు."

"బేరం?"

"ఎవరితో ఆడతామండీ, ఫోన్తోనా?" అన్నాడు నీరసంగా. అన్ని అంతస్తులు కట్టుకుని వంకాయకు బేరమాడే యోగం లేని ఆ జనం మీద నాకు నిజంగానే జాలి వేసింది.

భానూర్

అక్క గోంగూర, ముద్దపప్పు వండింది. పక్కన జొన్నరొట్టె. పెళ్లయి వచ్చిన కొత్తలో ఈ రొట్టె చూసి కళ్లనీళ్లు పెట్టుకుని ఉత్తరాలు రాసిన మనిషి.

"ఇప్పుడిదే లేకపోతే పొద్దు గడవదురా. జెర ఆగు, ఇంకోటి కాలుస్తా."

"ఏంటీ? జెరా?"

"నోర్మూసుకుని తిను."

బావకు రాజ్యాంగం అంటే పిచ్చి. కర్మాగారంలో జరిగే క్విజ్ పోటీల్లో స్టీలు గిన్నెలు గెలుచుకుని, వాటిని అతిథులకు కనబడేలా బోర్లిస్తాడు. నేను రొట్టె తుంచేలోపే మొదలుపెట్టాడు.

"అమల్లోకి వచ్చి ఏడాదిన్నర నిండకముందే మొదటి సవరణ చేశారు, తెలుసా?"

"అంటే సరుకు కొట్టు దాటకముందే రిపేరా?"

"రిపేరు కాదోయ్ కొట్టువాడా. భూసంస్కరణల చట్టాలు కోర్టుల్లో ఇరుక్కుంటున్నాయి, వాటిని కాపాడాలి. మాట్లాడే స్వేచ్ఛకు కొన్ని హద్దులు కూడా అప్పుడే పెట్టారు. యాభై ఆరులో ఏడోది, రాష్ట్రాల గీతలు మళ్లీ గీసినప్పుడు. ఇప్పటికి మొత్తం నూట ఆరు."

ఎమర్జెన్సీలో వచ్చిన నలభై రెండోది చాలా పెద్దదట, దాన్నే చిన్న రాజ్యాంగం అనేవాళ్లట. దాని గురించి బావ చాలాసేపు చెప్పాడు. నేనప్పుడు పండుమిరప పచ్చడిలో ఉన్నాను. మళ్లీ వినబడేసరికి నలభై నాలుగు దగ్గరున్నాడు. ఎమర్జెన్సీ మార్పుల్లో చాలావాటిని ఆ సవరణే సరిచేసిందట. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసి మామూలు చట్టపు హక్కుగా పక్కన కూర్చోబెట్టింది కూడా అదేనట. ఈ సంగతి తెలిస్తే మా నాన్న గల్లాపెట్టె మీదే పడుకునేవాడు. అరవై ఒకటితో ఓటు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి దిగింది. నూట ఒకటి జీఎస్టీ. దాని గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు.

"డెబ్బై మూడు నీ సర్పంచిది," అన్నాడు బావ. "పంచాయతీల సవరణ. ఆడవాళ్లకు మూడో వంతు తక్కువ కాకుండా సీట్లు. ఇక్కడ సగం ఇస్తున్నారు."

"సీటిచ్చారు సరే," అంది అక్క పెనం దగ్గర్నుంచి. "కూర్చునేదెవరో కూడా చెప్పు."

అప్పుడు చెప్పాడు. నర్సింలు మంచివాడేనట. కానీ సువర్ణ గెలిచి నెల దాటినా ఊరి జనం ఆయన్నే సర్పంచి అని పిలుస్తారు. మీటింగులో మాట్లాడేది ఆయనే, కాగితాలు చూసేదీ ఆయనే. చూశాక, ఎక్కడ సంతకం పెట్టాలో ఆవిడకు వేలుతో చూపిస్తాడు. ఆ చుట్టుపక్కల అది మామూలే, ఎవరికీ వింతగా ఉండదు. ఈ రాయి ఒక్కటే ఆవిడ తన బుర్రతో మొదలుపెట్టి, తనే ఫోన్ చేసి, తనే బేరమాడింది.

"ఇది సవ్యంగా జరిగితే తర్వాతి పని కూడా ఆవిడే చేస్తుంది. జరక్కపోతే ఇక అయిదేళ్లూ వేలుతో చూపించడమే," అన్నాడు బావ.

వ్యాన్లో ఉన్న రాయి ఉన్నట్టుండి కొంచెం బరువెక్కినట్టు అనిపించింది.

సంగారెడ్డి

మర్నాడు పొద్దున బావ కూడా వ్యానెక్కాడు. పటాన్‌చెరు దాటేదాకా రోడ్డు నిండా షిఫ్టు దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ. టీ కొట్టు దగ్గర బీహారీ, ఒరియా, తెలుగు, ఉర్దూ ఒకే పాత్రలో కాగుతున్నాయి. టీ పదిహేను రూపాయలు, గ్లాసు మాత్రం పిల్లలకు దగ్గు మందు పోసే కొలత గిన్నెలా ఉంది. ఇంత చిన్నదేమిటని అడిగితే, "సేటూ, ఇంకోటి తాగు, పెద్దగైతది," అన్నాడు టీ కొట్టాయన.

సంగారెడ్డిలో బండి మీద కోహీర్ జామకాయలు చూశాను. మా జామకు పుల్లదనమే తప్ప గర్వం ఉండదు. ఇవి పూజకు కూర్చున్నట్టు కూర్చున్నాయి. కిలో ఎనభై అంది బండి ఆమె. యాభై అన్నాను. ఆమె నా చేతిలో ఉన్న కాయ తీసుకుని తిరిగి కుప్ప మీద పెట్టింది.

"గట్లయితే ముట్టకు, బిడ్డా. కాయ పరేషానైతది."

ఎనభైకే కొన్నాను. బావ నవ్వు కొండాపూర్ దాకా తగ్గలేదు. దారిలో నీలం కోటు వేసుకుని పుస్తకం పట్టుకున్న విగ్రహానికి రేపటి కోసం నిచ్చెన వేసి ఇద్దరు నీళ్లు పోస్తున్నారు. వాళ్లలో ఒకాయన భుజం మీది తువ్వాలుతో ఆ రాతి పుస్తకాన్ని ప్రత్యేకంగా తుడుస్తుంటే, వ్యాన్లో ఉన్న నా రాయిని చూపించాలనిపించింది. చూపించకపోవడమే మంచిదైంది.

కొండాపూర్ దాటాక

రెండు పక్కలా పత్తి తీసేసిన చేలు, అక్కడక్కడా శనగ. మేం పల్లె చేరేసరికి పంచాయతీ ఆఫీసు ముందు సిమెంటు దిమ్మ సిద్ధంగా ఉంది. నలుగురు మోసి రాయిని దానికి ఆనించారు. సువర్ణ నలభై లోపు మనిషి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని తనూ ఒక చెయ్యి వేసింది. నర్సింలు దూరంగా నిలబడి, "పదిలం, పదిలం," అంటున్నాడు. ఆవిడ సకినాలు పెట్టి, "అన్నా, మంచిగ చెక్కినవు," అంది. నేను ధర తగ్గించినందుకు మళ్లీ ఒకసారి బాధపడ్డాను.

రేపు జెండా ఎగరేశాక రాయి ముందు నిలబడి ఆవిడే పైకి చదవాలి. కూతురి బడి పుస్తకంలో చూసి వారం నుంచీ కంఠస్థం చేస్తోందట. ఒకసారి చదివి చూసుకుంటానంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "సర్వసత్తాక" దగ్గర ఆమె నోరు ముందుకెళ్లింది, కన్ను వెనక ఉండిపోయింది.

"గిదేందన్నా? సామ్యవాద, లౌకిక అని రెండుండాలె గదా. ఏడ బోయినయ్?"

నేను బావను చూశాను. బావ రాయిని చూశాడు. స్టీలు గిన్నెలు గెలిచిన ఆ మొహం మెల్లగా సకినంలా మెలికలు తిరిగింది.

"నలభై రెండోది," అన్నాడు నీరసంగా. "నిన్న చెప్పాను కదోయ్. డెబ్బై ఆరులో ప్రవేశికలో చేర్చారు. నువ్వు అంతకు ముందరి పుస్తకం చూసి చెక్కావు."

పొట్లాల పుస్తకం. మా నాన్న దాన్ని ఎప్పుడు కొన్నాడో ఆ దేవుడికే తెలియాలి. దుకాణదారు బుద్ధి నోట్లోంచి దానంతటదే వచ్చింది. "అమ్మా, ఇది ఒరిజినల్ అన్నమాట. మొట్టమొదట రాసుకున్నది రాసుకున్నట్టు. ఇలాంటిది మామూలుగా దొరకదు."

"నేను ఇయ్యాల్టి సర్పంచ్‌నే అన్నా. గప్పటి రాజ్యాంగం లెక్కయితే నాకు గీ కుర్సీయే లేకపోవు."

నేను సకినాల పళ్లెం నా వైపు లాక్కున్నాను.

"నేను ముందుగాలనే జెప్పిన," అన్నాడు నర్సింలు. కోపంగా కాదు, ఓదార్పుగానే. అదే ఆవిడకు ఎక్కువ గుచ్చుకున్నట్టుంది. "గివన్ని నాతోటి కానియ్యమని. సరే, అయిందేదో అయింది. బంతిపూల దండ అడ్డంగ ఏద్దాం, గా లైను మీదికెల్లి. మైకు నేను వట్టుకుంట. నువ్వు కొబ్బరికాయ కొట్టు, చాలు."

నాకు ఆ సలహా బాగా నచ్చింది. దండ ఖర్చు నేనే పెట్టుకుంటానని కూడా అన్నాను. సువర్ణ అరుగు మీద కూర్చుని రాయిని చూసింది.

"దండ ఎండిపోయినంక?" అంది.

ఆవిడ బావ వైపు తిరిగింది. "అన్నా, వచ్చినప్పుడల్లా నూటారు సార్లు మార్చిండ్రని జెప్తవు గదా. మార్చినప్పుడల్లా పాత పుస్తకం చింపి కొత్తది రాసిండ్రా?"

"లేదమ్మా. ఉన్నదాంట్లోనే చేర్చారు, కొన్ని తీశారు. సభకు వచ్చి ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి."

"ఇగనేం. రేపు ఎట్లాగూ గ్రామసభ ఉన్నది. అండ్లనే పెడ్త."

"అందరి ముంగట తప్పయిందని జెప్తవా?" అన్నాడు నర్సింలు. "నవ్వుతరు."

"నవ్వనియ్. దండ కింద దొరికితే ఇంక ఎక్కువ నవ్వుతరు."

జెండా పండుగ పొద్దున

జెండా ఎగిరింది. పిల్లలకు మిఠాయిలు పంచారు. షామియానా కింద మగవాళ్లు కుర్చీల్లో, ఆడవాళ్లు జంపఖానా మీద. మా ఊళ్లోనైతే సభకు ముందు నాయకుల పొగడ్తలు గంట నడుస్తాయి, శిలాఫలకాలవాడిగా నాకవన్నీ వ్యాపారమే. ఇక్కడ నేరుగా పనిలోకి దిగారు. నర్సింలు అలవాటు కొద్దీ మైకు వైపు రెండడుగులు వేశాడు. ఈసారి ముందే మైకు దగ్గర నిలబడి ఉంది సువర్ణ. ఆయన అక్కడే ఆగి, మైకు వైరు సరిచేసి వెనక్కి వెళ్లాడు.

ఆవిడ చెప్పేసింది. ఏ మాటలు లేవో, ఎందుకు లేవో, అంతా. నన్ను లేపి చూపించింది కూడా. "గీ అన్న ఒంగోలుకెల్లి వచ్చిండు. పొట్లాల కాయితం జూసి రాజ్యాంగం చెక్కిండు."

షామియానా ఊగేంత నవ్వు. నేను నమస్కారం పెట్టాను, ఇంకేం పెట్టను.

కుర్చీల్లోంచి ఒకాయన లేచి, కొత్త రాయి తేవాలి, అదీ ఒంగోలాయన ఖర్చుతోనే తేవాలి అన్నాడు. చేతులు టపటప లేస్తున్నాయి. అంత ఏకగ్రీవం నేనెక్కడా చూడలేదు. నేను మనసులో రాయి ధరకు వ్యాను అద్దె కలుపుకున్నాను.

"జెర ఆగుర్రి," అంది సువర్ణ. "కొత్తది తెస్తే ఏమైతది? రేపు సర్కారోళ్లు ఇంకో మాట చేరుస్తరు, గప్పుడింకో రాయి తేవాలె. రాజ్యాంగాన్నే చింపలే. మధ్యల చేర్చిండ్రు. మనం గూడ లైను మీద చిన్నగ చెక్కిద్దాం, పక్కన సంవత్సరం ఏద్దాం. మొదట ఏముండె, ఎన్నడు ఏం జేరె, పోరగాండ్లకు రెండూ తెలుస్తయి."

"బిడ్డా," అంది జంపఖానా మీంచి ఒక ముసలామె, "గట్లనే మా పింఛను మీద గూడ లైను మీద ఒక సున్న చెక్కియ్యరాదు."

మళ్లీ నవ్వు. బావ లేచి మూడింట రెండొంతుల సంగతి వివరించబోతే, అక్కర్లేకుండానే దాదాపు అన్ని చేతులూ లేచాయి. నా ఖర్చు కోరినాయన చెయ్యి కూడా కొంచెం ఆలస్యంగా లేచింది.

నేను ఉలి, సుత్తి తీసుకుని దిమ్మ మీద కూర్చున్నాను. మిషను మీద చెక్కడం అలవాటైన చేతులకు, ఊరంతా చుట్టూ చేరి చూస్తుంటే, ఉలి కొత్తగా అనిపించింది. చిన్న అక్షరాలతో "సామ్యవాద, లౌకిక" పూర్తి చేసి, పక్కన 1976 వేసి, ఊపిరి పీల్చుకుంటుంటే బావ నా చెవి దగ్గరికి వచ్చాడు.

"బావమరిదీ. కింద ఐక్యత పక్కన సమగ్రత అని ఇంకోటుంది. అదీ అప్పుడు చేర్చిందే."

"ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడే గుర్తొచ్చింది."

నేను సువర్ణను పక్కకు పిలిచి గుసగుసగా చెప్పాను. "మీరేం మాట్లాడకండమ్మా. అందరూ తినడానికి వెళ్లాక చెక్కేస్తాను. మూడో కంటికి తెలియదు." ఆవిడ నన్ను చూసిన చూపు, తూకంలో వేలు పెట్టినవాణ్ణి చూసే చూపు. మళ్లీ మైకు దగ్గరికి వెళ్లింది.

"ఇంకొకటి గూడ తప్పింది. నేను గూడ జూస్కోలే. మళ్లొకసారి చేతులు లేపుర్రి."

నర్సింలు కుర్చీలోంచి సగం లేచాడు. జంపఖానా మీది ముసలామె అందరికన్నా ముందు చెయ్యెత్తింది. "ఇంకేమన్న ఉంటే గిప్పుడే జెప్పు బిడ్డా, చెయ్యి దించకుంట ఉంట."

ఆ నవ్వులోనే అన్ని చేతులూ లేచాయి. కూర్చోబోతూ నర్సింలు కూడా ఎత్తాడు.

చెక్కడం అయ్యాక ఆవిడ ప్రవేశిక మొత్తం పైకి చదివింది. పెద్ద అక్షరాల్లోంచి చిన్న అక్షరాల్లోకి ఎక్కి, మళ్లీ కిందికి దిగి, ఎక్కడా ఆగకుండా. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, రాతి దుమ్ము లేచింది.

అప్పుడు మండలాఫీసు నుంచి వచ్చిన ఉద్యోగి గ్రామసభ తీర్మానాల కాగితాలు పట్టుకుని, ఎవరినీ అడగకుండా నేరుగా నర్సింలు దగ్గరికి నడిచాడు. "సర్పంచ్ సాబ్, గీడ సంతకం గావాలె." నర్సింలు కాగితాలు అందుకున్నాడు. అలవాటుగా వేలు చివరి పేజీ అడుగుకు వెళ్లింది. అక్కడే కాసేపు ఆగింది. తర్వాత మొదటి పేజీ పైకి తిప్పి, తీసుకెళ్లి భార్య చేతిలో పెట్టాడు.

"సర్పంచ్ గామె," అన్నాడు ఉద్యోగితో.

ఆవిడ పెన్ను తీసుకోలేదు. మొదటి లైను నుంచి మొదలుపెట్టి చదవడం సాగించింది. అవతల వండిన అన్నం చల్లారుతున్నా, ఉద్యోగి గడియారం చూసుకుంటున్నా, ఆఖరి పేజీ దాకా చదివింది. ఆ చదవడం అయ్యేదాకా ఊరంతా, మేమంతా, ఎండలో నిలబడ్డాం.